వీపు మీద చెయ్యి

ఆ ఇంట్లో ఫ్యాను వేసి ముప్ఫైఎనిమిది రోజులైంది.

ఎండలు మండిపోతున్నాయి. వీధిలో అందరి కిటికీలూ బార్లా తెరిచి ఉంటే ఆ ఇంటివి మాత్రం మూసి, సందుల్లో పాతగుడ్డ పేలికలు కుక్కి ఉన్నాయి. పొద్దున్నే ఆమె లేచి ముఖం కడుక్కుని, కొంగు ఊగకుండా బొడ్లో బిగించి దోపుకుని, లోపలి గది తలుపు దగ్గరికి వెళ్ళేది. తలుపు ఒక్కసారిగా తీయకూడదు, గాలి కొడుతుంది. జానెడు తీసి ఆగాలి. పది లెక్కపెట్టాలి. ఇంకో జానెడు. మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు అయ్యాక లోపలికి జారాలి. కాసేపు నిలబడి, "లేచారా" అని లోలోపలే అడిగి, మళ్ళీ అలాగే బయటికి రావాలి.

తుమ్ము వస్తే మాత్రం ఆగేది లేదు. ముక్కు పట్టుకుని వీధిలోకి పరుగే.

"మీ తల్లీకూతుళ్ళ తుమ్ములన్నీ మా గుమ్మానికే రాసిపెట్టి ఉన్నాయా వదినా?" అనేది పక్కింటి కత్తెరమ్మ. ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని ఆవిడది.

"ఇంకెక్కడ తుమ్మమంటావు, ఆయన మీదా?"

"అమ్మో, వద్దు తల్లీ. ఇక్కడే తుమ్ము. కావాలంటే కుర్చీ వేస్తాను, కూర్చుని తుమ్ము."

ఆయన లోపల మంచం మీద ఉన్నాడు. మంచం మీద ఇనప పలక, పలక మీద ఆయన, తెల్లగా, వెల్లకిలా. చనిపోయిన మనిషే. కొలిమిలో పెట్టి కాల్చిన మనిషే. బూడిద అయ్యాడు కానీ రాలలేదు. కనురెప్పల వెంట్రుకలు కూడా దేనికది విడిగా తెలుస్తున్నాయి. చొక్కా కాలరు ఎప్పటిలా ఒక పక్కకి మడతపడే ఉంది.

ఆ వీధి వాళ్ళందరిదీ ఒకటే ఫ్యాక్టరీ. గ్యాసు దీపాలకి కట్టే మేంటిళ్ళు చేస్తారు. మేంటిల్ అంటే పిడికిలంత గుడ్డ సంచి. గొట్టంలా అల్లిన గుడ్డని ముక్కలు కోసి, తెల్లమందు కలిపిన నీళ్ళ తొట్టిలో ముంచి, రబ్బరు రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, చివర్న ముడి వేస్తే అయిపోయినట్టే. కొన్నవాళ్ళు దాన్ని దీపానికి కట్టి అగ్గిపుల్ల చూపిస్తారు. గుడ్డంతా కాలిపోతుంది. మందు కాలదు. గుడ్డ ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలోనే బూడిద నిలబడుతుంది. దానికి గ్యాసు మంట తగిలితే కళ్ళు చెదిరేలా తెల్లగా వెలుగుతుంది. అయితే ఒకటే ఇబ్బంది, దోమ వాలినా రాలిపోతుంది.

ఆయన తొట్టి దగ్గర ముంచేవాడు. ముంచుడు గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు చేశాడు.

ఆమె ఆ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, మేంటిళ్ళని వందకి ఒకటి చొప్పున కాల్చి చూసే బల్ల దగ్గర ఉండేది. మామూలుగా పది కాలిస్తే రెండో మూడో చిట్లుతాయి. ఒక వారమంతా ఒక్కటీ చిట్లలేదు. ఎవరు ముంచారో చూద్దామని వెళ్ళింది. తొట్టి ముందు సన్నగా ఒక మనిషి, మోచేతుల దాకా తెల్లగా. "దూరంగా ఉండండి" అన్నాడు. అదే మొదటి మాట. పెళ్ళి చేసుకుందామని అడిగిన రోజు కూడా రెండు గజాల అవతల నిలబడే అడిగాడు.

ముంచుడు గదిలో పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే మాటలు రెండు. మందంటిన చెయ్యి ఇంట్లో దేనికీ తగలనివ్వకూడదు. నేల మీద రాలిన బూడిదని చీపురుతో ఊడవకూడదు, లేస్తుంది. తడిగుడ్డతో ఒక వైపుకే తియ్యాలి, గుడ్డ మడిచి మళ్ళీ తియ్యాలి. ఆయన ఈ రెండూ ప్రాణంలా పాటించాడు. పని నుంచి వస్తుంటే రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, నీళ్ళకుండలు మోస్తున్నవాడిలా వచ్చేవాడు. వీధిలో అందరూ దూరమాయన అనేవాళ్ళు. ఆయన బట్టలకి వేరే బకెట్, వేరే తీగ. ఉతికేది ఆమే. "నువ్వు కూడా ముట్టుకోకపోతే బాగుండు" అనేవాడు. "మరి ఎవరు ఉతుకుతారు, మీ మేనత్తా?" అనేది.

పెళ్ళైన ఆరేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల పాకడం మొదలుపెట్టాక ఆయన కష్టాలు చెప్పనక్కర్లేదు. అది నాన్న కాళ్ళ దగ్గరికి పాకుతూ వస్తుంటే, ఆయన గబగబా కుర్చీ ఎక్కి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాడు. ఎలుకని చూసిన వాళ్ళలాగ. పిల్ల కుర్చీ కోడు పట్టుకుని నిలబడి నవ్వేది. ఆయన పైనుంచి నవ్వేవాడు. ఆ పిల్లకి అమ్మా అన్న మాట తర్వాత వచ్చిన మాట 'దూరం'.

పిల్ల పెద్దదై హైస్కూల్లో చేరాక మూలకాల పట్టిక ఒకటి తెచ్చి గోడకి అంటించింది. గళ్ళు గళ్ళుగా, రంగురంగులుగా. ఆయన భోజనం చేసి చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు.

"ఇందులో మా తెల్లమందు ఏదే?"

"ఇదిగో నాన్నా. థోరియం. తొంభయ్యోది."

"ఇదేంటి, అందర్నీ ఇంట్లో పెట్టి దీన్ని బయట వరండాలో పడేశారు?" పట్టిక కింద విడిగా ఉన్న రెండు వరసల్లో ఉంది అది.

"బరువైనవి నాన్నా. ఇంట్లో చోటు సరిపోలేదు."

"బరువంటే?"

"తన బరువు తనే మొయ్యలేనంత. అందుకని కొంచెం కొంచెం విసిరేసుకుంటూ ఉంటుంది. విసిరేసి విసిరేసి వేరేది అవుతుంది, అది ఇంకోటి అవుతుంది. మధ్యలో ఒకసారి గాలి కూడా అవుతుంది. ఆఖరికి సీసం అయ్యి ఊరుకుంటుంది."

"గాలి అయినప్పుడే ఎగిరిపోవచ్చుగా, పిచ్చిది."

"నిమిషం కూడా ఉండదు నాన్నా గాలిగా."

"సరేగానీ, ఎన్నాళ్ళు పడుతుందేంటి ఇదంతా?"

"ఇప్పుడున్న దాంట్లో సగం పోవడానికి వెయ్యి నాలుగు వందల కోట్ల ఏళ్ళు."

ఆయన తన చొక్కా చేతులు చూసుకున్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "విన్నావా? నా చొక్కా మరకలు పోవట్లేదని సబ్బు మార్చావు. సబ్బుది తప్పు కాదు" అన్నాడు.

పోయిన శీతాకాలంలో ఆయనకి దగ్గు మొదలైంది. ఎండలొచ్చేసరికి మంచం దిగలేకపోయాడు. ఆఖరి రెండు రోజులూ ఒకటే మాట, "ఒక్కసారి కడుక్కోలేదే... ఒక్కసారి మర్చిపోయాను..." అని. ఆమె గిన్నెలో నీళ్ళు తెచ్చి చేతులు కడిగింది. మళ్ళీ అదే మాట. మళ్ళీ కడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు కాదని చెప్తున్నాడని ఆమెకి అర్థం కాలేదు.

శవాల్ని కాల్చే చోట గ్యాసు కొలిమి ఉంది. కొలిమాయన తలుపు తీసి లోపలికి చూసి, చేతిలో ఉన్న పొడుగాటి గరిటె గోడకి ఆనించేశాడు.

"మీ ఆయన ఏం పని చేసేవాడమ్మా?"

"ముంచుడు గదండీ."

"అదీ సంగతి. మా నాన్న ఇక్కడ ఉన్నప్పుడు ఒకాయన ఇలాగే మిగిలాడట. ఇంటికి తీసుకెళ్ళిన రోజే మనవడు దగ్గితే భుజం పోయింది. జాగ్రత్తగా చూసుకోండి. పలక తొందరేం లేదు, పనైపోయాక తెచ్చిద్దురుగాని."

వ్యాను అద్దాలు మూసుకుని, నడిచే మనిషి వేగంతో వచ్చింది. అది మలుపు తిరగ్గానే వీధి వీధంతా ఫ్యాన్లు కట్టేశారు. కత్తెరమ్మ తన ఇంటిముందు ఆరేసిన దుప్పటి కూడా తీసేసింది, విదిలించినట్టు ఊగుతుందని.

అలా ఇల్లు చేరాడు. కానీ వచ్చిన రోజున్నంత గట్టిగా లేడిప్పుడు. పదో రోజున బరువు లారీ ఒకటి వీధిలోంచి వెళ్తే ఎడమ చెవి రాలింది. ఆమె దాన్ని తడి దూదితో తీసి అగ్గిపెట్టెలో దాచింది. ఇంకోసారి ఎత్తడమంటూ ఉంటే అది ఆయన్ని పోగొట్టుకోవడమే.

ముప్ఫయ్యో రోజున ఫ్యాక్టరీ నుంచి గడియారం సారు వచ్చాడు. ముంచుడు గది సూపర్వైజరు. మాట మాటకీ చేతి గడియారం చూసుకుంటాడు. చెప్పులు వీధిలోనే విడిచి, నోటికి రుమాలు కట్టుకుని, సందులోంచి లోపలికి చూసి వచ్చాడు.

"పోలిక ఏం పోలేదమ్మా. పిలిస్తే పలికేలా ఉన్నాడు." గడియారం చూసుకున్నాడు. "మరి ఈ ఇల్లు సంగతి. ఇది ముంచుడు గది వాళ్ళకిచ్చే ఇల్లు. ఒకటో తారీఖుకి మీ ఇంట్లోంచి ఒక మనిషి తొట్టి దగ్గర నిలబడాలి. లేదంటే ఖాళీ చెయ్యాలి."

"నేను నిలబడతానండి. ముడులు వేసే చేతులే, ముంచలేవా?"

"నలభై దాటినవాళ్ళని ఆ గదిలోకి తీసుకోరు కదమ్మా. నీకు తెలియనిదా."

"ఖాళీ చేస్తే ఆయన్ని ఎలా తీసుకెళ్ళమంటారు సారూ? దగ్గితే పోయే మనిషి."

సారు ఈసారి గడియారం చూడలేదు. నేల చూశాడు. "నా చేతిలో ఉంటే..." అన్నాడు.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి కూతురు అంది, "నేను వస్తాను సార్."

ఆమె వద్దు అనాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ లోపల ఇనప పలక మీద ఆ మనిషి కనురెప్పలు కళ్ళ ముందు ఆడాయి, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. సారు వెళ్ళిపోయాడు. తల్లి పొయ్యి దగ్గరికి వెళ్ళి, అంటుకుని ఉన్న పొయ్యిని మళ్ళీ అంటించింది.

ఆ వారం ముందే కూతురికి ఉత్తరం వచ్చిన సంగతి ఆమెకి తెలుసు. నర్సు చదువుకి సీటు. వేరే ఊళ్ళో. ఒకటో తారీఖుకల్లా చేరాలి. పిల్ల ఆ ఉత్తరాన్ని మడిచి గోడ మీద పట్టిక వెనక దోపింది. పట్టిక ఒక మూల ఉబ్బెత్తుగా ఉంది. తల్లి ఆ మూలని రోజూ చూసేది, రోజూ చూడనట్టు ఉండేది.

సాయంత్రాలు పిల్ల లోపలికి జారి, పలకకి మూరెడు దూరంలో నేల మీద కూర్చునేది. నోటికి గుడ్డ కట్టుకుని, ఆ రోజు జరిగినవన్నీ చెప్పేది. ఒకరోజు బయటికొచ్చాక అంది:

"నాన్న పక్కన ఇంతసేపు ఎప్పుడు కూర్చున్నానమ్మా నేను? ఇదే ఎక్కువ."

"అలా అనకే."

"కోపంతో కాదు. మా క్లాసు పిల్లల్ని వాళ్ళ నాన్నలు నెత్తి మీద ఒకటి ఇచ్చేవాళ్ళు, చెవి మెలిపెట్టేవాళ్ళు. నాకు అదీ లేదు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు నన్ను. ఇప్పుడేమో నేను ముట్టుకుంటే పోతాడు." నవ్వింది. "భలే దొరికాం ఒకళ్ళకొకళ్ళం."

తల్లి ముడులు వేస్తూ దారం పళ్ళతో కొరికింది.

ఒకటో తారీఖు ఇంకా వారం ఉందనగా పని నేర్చుకోవడానికి రమ్మన్నారు. పిల్ల మూడు రోజులు వెళ్ళింది. ఎంత నీళ్ళకి ఎంత మందు, గుడ్డని ఎంతసేపు ముంచాలి, రోలరులో వేలు పడకుండా ఎలా పిండాలి. మూడో రోజు ఇంటికొస్తున్న కూతుర్ని తల్లి కిటికీ అద్దంలోంచి చూసింది. పిల్ల రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, నీళ్ళకుండలు మోస్తున్నట్టు నడిచి వస్తోంది. ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం పొద్దుగూకే వేళకి కరెంటు పోయింది.

కూతురు లోపల నాన్న దగ్గరే ఉంది. తల్లి గ్యాసు దీపం పట్టుకుని, జానెడు జానెడు తలుపు తీసి లోపలికి జారింది. ఫ్యాక్టరీలో రోజుకి మూడు వందల మేంటిళ్ళకి ముడులు వేసే మనిషి ఇంట్లో దీపానికి చిల్లుపడ్డ మేంటిల్ ఉంది. మారుద్దాం మారుద్దాం అనుకుంటూ నెలలు గడిచాయి. దీపాన్ని పలక చివర, ఆయన కాళ్ళ దగ్గర పీట మీద పెట్టి వెలిగించింది. చిల్లులోంచి మంట నాలికలా బయటికొచ్చి, ఆయన కుడికాలి బొటనవేలిని తాకింది.

వేలు వెలిగింది.

తర్వాత పాదం, చీలమండ. వెలుగు నీళ్ళు నిండినట్టు మెల్లగా పైకెక్కింది. మోకాళ్ళు, నడుము, మడతపడ్డ కాలరు, గడ్డం, కనురెప్పలు. ముప్ఫై తొమ్మిది రోజులుగా సున్నం వేసినట్టున్న మనిషి, ఇరవై తొమ్మిదేళ్ళు తాగిన మందంతా ఒక్కసారి వెలిగించుకున్నాడు. గదిలో మూలలు లేవు, నీడలు లేవు. ఆ వెలుగు గుడ్డల్లోంచి, మంచం కోళ్ళలోంచి కూడా అవతలికి వెళ్తోంది.

"ఆర్పేస్తాను" అంది తల్లి గొంతు తగ్గించి.

"ఉంచమ్మా కాసేపు."

తల్లి చెయ్యి చాచింది, చాచిన చెయ్యి చూసుకుంది. మోచేతి దాకా వెలుగుతోంది. రెండోది కూడా. ఇరవై ఆరేళ్ళు ఆయన చొక్కాలు ఉతికిన చేతులు. ఆమె ఆశ్చర్యపోలేదు. ఓహో, నేను పోయాక ఈ రెండూ మిగులుతాయన్నమాట, అనుకుంది. అంతే. కానీ అప్పుడే కూతురి చేతులు కనపడ్డాయి. వేళ్ళ చివర్లు, పది, మినుకు మినుకుమంటున్నాయి.

పిల్ల గబుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. అచ్చం ఆయనలాగే.

"మూడు రోజులేగా అమ్మా. కడుక్కున్నాను కూడా."

పిల్ల సిగ్గుపడి, దీపం తానే ఆర్పుదామని అటు తిరిగింది. తిరగ్గానే తల్లి, "కదలకు" అంది.

పిల్ల వీపు మీద చెయ్యి ఉంది.

జాకెట్టు గుడ్డలోంచి స్పష్టంగా, తెల్లగా వెలుగుతోంది. రెండు భుజాల ఎముకల మధ్య పెద్ద అరచెయ్యి, అయిదు వేళ్ళు. చిటికెన వేలు బయటికి వంకరగా ఉంది. ఆ వేలు ఒకప్పుడు రోలరులో పడి అలా వంకరపోయింది. ఒకసారి పెట్టి తీసిన గుర్తు కాదది. దాని అంచులు నాలుగైదు పొరలుగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చాలాసేపు తట్టిన చెయ్యి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పిల్లకి మూడేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆమె మందు కోసం వెళ్ళి వరసలో నిలబడి ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని, పిల్లని భుజాన వేసుకుని జోకొడుతున్నాడు. పని బట్టలతోనే. పెళ్ళాన్ని చూసి దొంగలా లేచి నిలబడ్డాడు. "ఏడుస్తుంటే... తగ్గింది జ్వరం" అని మాత్రం అన్నాడు. పిల్లని ఆమె చేతికిచ్చి, పెరట్లోకి వెళ్ళి, చీకటి పడేదాకా చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. ఆమె పిల్ల గొడవలో పడి ఆ సంగతి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. ఒక్కసారి కడుక్కోలేదే అని, పోయేదాకా.

"అమ్మా, ఏంటి? ఏముంది నా వెనక?"

తల్లి చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వంకర వేలు సంగతి కూడా.

పిల్ల ఒక చెయ్యి భుజం మీంచీ ఇంకో చెయ్యి నడుం పక్కనుంచీ వెనక్కి పోనిచ్చి అందుకోబోయింది. అక్కడికి ఎవరి చెయ్యీ అందదు. "నేను చూడాలి. అద్దం తెస్తాను" అంది. పరుగెడితే గాలి. పాపం ఆ పిల్ల అప్పుడు కూడా పరుగెత్తలేదు. జానెడు, ఆగి పది. ఇంకో జానెడు, ఆగి పది. అద్దం తెచ్చేసరికి దీపంలో గ్యాసు అయిపోయింది. ఆయన పైనుంచి కిందికి మెల్లగా ఆరిపోయాడు. ఆఖరికి బొటనవేలు ఆరింది.

చీకట్లో పిల్ల అద్దం పట్టుకుని నిలబడి ఉంది.

"నిజంగా ఉందా అమ్మా?"

"నా మీద ఒట్టు."

మర్నాడు పొద్దున్నే తల్లి పట్టిక మూల ఎత్తి ఉత్తరం తీసి, కూతురి చేతిలో పెట్టింది.

"బట్టలు సర్దుకో."

"నాన్నో?"

"నాన్న సంగతి నేను చూసుకుంటాను."

"ఇల్లు పోతే ఎక్కడ పెడతావే ఆయన్ని?"

"నువ్వు అడక్కు. అంత మనిషి నీకు భయపడి కుర్చీలెక్కి కూర్చున్నాడే. నిన్ను తీసుకెళ్ళి ఆ తొట్టి దగ్గర నిలబెట్టడానికా?" గొంతు పెరిగింది. ముప్ఫై తొమ్మిది రోజుల్లో ఆ ఇంట్లో గొంతు పెరగడం అదే మొదలు. లోపల ఏదో సన్నగా రాలిన చప్పుడైంది. ఇద్దరూ ఆగి విన్నారు.

పిల్ల ఏడుస్తూ అంది, "అయితే ఒక్కసారి ముట్టుకోనీ. ఎలాగూ పోతాడుగా."

"వద్దు."

"ఒక్క వేలు అమ్మా. చిటికెన వేలు."

"ఆయన ముట్టుకోనిచ్చేవాడా?"

పిల్ల తన పది వేళ్ళూ చూసుకుంది.

"మరి నువ్వో?" అంది.

"నా చేతులు ఎప్పుడో ఆయనవైపోయాయి. నువ్వు బయటికెళ్ళి కిటికీ దగ్గర నిలబడు. అద్దంలోంచి చూడు. తలుపు తియ్యకు."

పిల్ల వీధిలోకి వెళ్ళి కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. కత్తెరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

ఆమె నోటికి గుడ్డ కట్టుకోలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు బుగ్గ మీద చెయ్యి పెట్టింది, ఉన్నాడు. కాలరు మడత సరిచేసింది, పెళ్ళైన దగ్గర్నుంచీ సరిచేస్తున్నట్టే. అది వేళ్ళ కిందే పోయింది. "ఇంక చాల్లెండి దూరం" అంది. వంగి, రెండు చేతులూ ఆయన కింద నుంచి పోనిచ్చి, దగ్గరికి తీసుకుంది.

ఉప్పు పోసినంత చప్పుడు. అంతకంటే ఏం లేదు.

ఆ చేతులు అలాగే కౌగలించుకున్నట్టు ఖాళీగా ఉన్నాయి. కూతురు చెప్పిన గాలి గుర్తొచ్చింది ఆమెకి. నిమిషం కూడా ఉండని గాలి. ఆ నిమిషం అయ్యేదాకా కదలకుండా, గుండెనిండా ఊపిరి తీసుకుంటూ కూర్చుంది.

తర్వాత బకెట్లో నీళ్ళు పెట్టుకుని, తడిగుడ్డతో తియ్యడం మొదలుపెట్టింది. ఒక వైపుకే. గుడ్డ మడిచి మళ్ళీ ఒక వైపుకే. పలక, మంచం, నేల, తన మెడ, జాకెట్టు. గుడ్డలన్నీ, అగ్గిపెట్టెతో సహా, గట్టి మూతున్న డబ్బాలో పెట్టి బిగించింది. ముంచుడు గదిలో ఎంత పాతవాళ్ళు చూసినా వంక పెట్టలేని పని. అంతా అయ్యాక అలవాటుగా జానెడు తలుపు తీసి ఆగి, పది లెక్కపెట్టబోయి, మూడు దగ్గర ఆపేసింది. తలుపు బార్లా తీసింది. కిటికీలు తీసింది. ఫ్యాను మీట నొక్కింది. అది కీచుమని ఒకసారి ఏడ్చి, తిరిగింది.

పలక తిరిగి ఇవ్వడానికి వెళ్తే కొలిమాయన అడిగాడు, "రాలిపోయాడా అమ్మా?"

"రాల్చుకున్నానండి" అంది.

ఒకటో తారీఖున బస్సు దగ్గర పిల్ల తన పెట్టె పైకెక్కించింది. కత్తెరమ్మ పిల్లని గట్టిగా కావలించుకుని, ముక్కు చీదుకుని, "అక్కడ ఎవరి గుమ్మం ముందైనా తుమ్ము, ఏమనరు" అంది. తల్లి మాత్రం రెండు గజాల దూరంలో, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. పిల్ల దగ్గరికి రాబోతే ఒక అడుగు వెనక్కి వేసింది.

పిల్లకి అర్థమైంది. ఆగిపోయింది. మెల్లగా అటు తిరిగింది. జడ ముందుకి లాక్కుంది. పట్టపగలు, నెత్తి మీద ఎండ. జాకెట్టు మీద చెమట మరక తప్ప ఇంకేమీ లేదు.

"కనపడుతోందా అమ్మా?"

"కనపడుతోంది."

"వేలు కూడా?"

"వంకరగా. అలాగే ఉంది."

డ్రైవరు హారను కొట్టాడు. పిల్ల ఇటు తిరగకుండానే మెట్టెక్కింది, ఆ వీపు తల్లికి కనపడేలా. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాక కూడా చాలాసేపు అటే తిరిగి ఉంది.

బస్సు కదిలాక మాత్రం తల బయటపెట్టి అరిచింది, "పోతుందేమో అమ్మా! కొన్నాళ్ళకి!"

ఆమె వెనక కట్టుకున్న చేతుల్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నువ్వే చెప్పావుగా!" అని అరిచింది తనూ, ముప్ఫై తొమ్మిది రోజులు దాచుకున్న గొంతంతా పెట్టి. "అన్ని కోట్ల ఏళ్ళకీ సగమేగా పోయేది!"